మా బామ్మర్ది సైలెన్సర్ ఎంచుకున్న రోజు

మా బామ్మర్ది ఫోన్లో ఎప్పుడూ అరిచే మాట్లాడతాడు. ధర్మవరంలో వాళ్ల ఇంటి ముందు గదిలో నాలుగు మరమగ్గాలు ఆడుతుంటాయి కాబట్టి అది మాకెప్పుడూ వింతగా అనిపించలేదు. తమ్ముడి ఫోన్ వస్తే మా ఆవిడ దాన్ని చెవికి జానెడు దూరంలో పట్టుకుని మాట్లాడేది. ఆ పొద్దు మాత్రం వెనక మగ్గాల చప్పుడు లేదు. కరెంటు పోయినట్టుంది, ఎక్కడో కాకి అరవడం కూడా నాకు వినబడుతోంది. వాడు అదే గొంతుతో అరిచాడు.

"బావా, ఆదివారం ఖాళీనా? బండికి సైలెన్సర్ మార్పియ్యల్ల. నువ్వు రావల్ల."

"ఎందుకురా అంత గట్టిగా? మగ్గాలు ఆగినాయి కదా."

"ఆఁ, ఆదివారమే బావా," అన్నాడు.

వాడు చిన్నప్పటి నుంచీ మగ్గం పనిలోనే ఉన్నాడు. ముందు ఎవరి దగ్గరో కూలికి నేశాడు, తర్వాత సొంతంగా ఒకటి పెట్టుకున్నాడు, ఒకటి నాలుగయ్యాయి. తనకంటూ ఏదీ కొనుక్కోనివాడు, ముప్పై దాటాక బెంగుళూరులో ఎవరో కొన్నాళ్లు వాడుకుని అమ్మేసిన స్పోర్ట్స్ బైకు తెచ్చుకున్నాడు. రెండు సిలిండర్ల ఇంజను, ముందుకు వంగి కూర్చునే సీటు. నేను హిందూపురంలో ఒక మందుల ఏజెన్సీలో పనిచేస్తాను. రొళ్ల నుంచి తలుపుల దాకా, అటు నల్లమాడ దాకా ఉన్న ఊళ్లలో మందుల షాపులన్నీ బండి మీద తిరగడమే నా ఉద్యోగం. అందుకని బండ్ల గురించి నాకు తెలియనిది లేదని వాడి నమ్మకం.

ఆదివారం పొద్దున రైలెక్కి ధర్మవరం పోయాను. వచ్చేటప్పుడు వాడి బండి మీదే హిందూపురం రావచ్చనుకున్నాను. నేను పోయేసరికి మగ్గాలు ఆడుతున్నాయి. ఆ గదిలోకి అడుగు పెడితే మాటలుండవు. అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. నన్ను చూసి వాడు మగ్గాలన్నీ ఒక్కొక్కటిగా ఆపాడు. ఆపేశాక కూడా కాసేపు నా చెవుల్లో గుంయ్ మంటూనే ఉంది. వాకిట్లో వాడి రెండున్నరేళ్ల కూతురు బండి ట్యాంకు మీదెక్కి కూర్చుని హ్యాండిలు తిప్పుతోంది.

వాడు మగ్గం పక్కన కూర్చుని తెగిన పోగు ముడేస్తున్నాడు. వాడి భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చి, "ఉగ్గాని చల్లారిపోతాంది, రాండి" అంది. వాడు తల తిప్పలేదు. మళ్లీ పిలిచింది. తిప్పలేదు. ఆమె కిందికి వంగి, దారం అయిపోయిన ఖాళీ కండె ఒకటి తీసి వాడి వీపు మీదికి విసిరింది. వాడు వెనక్కి తిరిగి నవ్వాడు. మొగుడూ పెళ్లాల సరసం అనుకుని నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. కింద పడిన కండెను తీసి మళ్లీ గుమ్మం పక్కనే, చేతికి అందేచోట పెట్టుకుంది. అక్కడ అప్పటికే ఇంకో నాలుగు ఉన్నాయి.

తిన్నాక బయల్దేరాం. వాడు నడుపుతున్నాడు, నేను వెనక కూర్చున్నాను. పెనుకొండ ఇంకా రాకముందు వెనకాల లారీ హారన్ వినబడింది. గాలి హారన్, పొడుగ్గా కొడుతున్నాడు. వాడు రోడ్డు మధ్యలోనే పోతున్నాడు. పట్టుదలగా పోతున్నాడేమో అనుకుని భుజం మీద తట్టాను. "ఏం బావా?" అని తల కొంచెం తిప్పాడు. అప్పుడు అద్దంలో లారీని చూసినట్టున్నాడు, ఉలిక్కిపడి పక్కకు లాగాడు. బండి మట్టిలోకి దిగి ఊగింది. లారీ డ్రైవరు మా పక్కకొచ్చి కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమబ్బా, చెవుడా నీకు? సచ్చిపోతావు!" అని అరిచి పోయాడు.

బామ్మర్ది వాడికి చెయ్యెత్తి ఊపాడు, తెలిసినవాడు పలకరించినట్టు.

"ఏమంటాండాడు బావా వాడు?"

"చూసుకుని పొమ్మన్నాడు" అన్నాను.

గ్యారేజీ హిందూపురం ఊరి మొదట్లోనే ఉంది. మెకానిక్ నాకు తెలిసినవాడే, నలభై దాటినవాడు, మాట తక్కువ. వాడికి కావలసింది స్లిప్-ఆన్, అంటే ఇంజను నుంచి వచ్చే గొట్టాన్ని ముట్టుకోకుండా చివరనున్న సైలెన్సర్ ఒక్కటే తీసేసి, దాని చోట వేరేది తొడిగి క్లాంపు బిగించడం. పెద్ద పనేం కాదు. ఎంచుకోవడమే పని. గొట్టం లావు సరిపోవాలి, బరువు తగ్గాలి, బ్యాగు తగిలించుకుంటే కాలకూడదు, అన్నిటికంటే ముందు శబ్దం నచ్చాలి. లోపల శబ్దాన్ని అణిచే చిన్న గొట్టం ఒకటి ఉంటుంది. డీబీ కిల్లర్ అంటారు. అది తీసేస్తే ఊరంతా వినబడుతుంది, పోలీసోళ్లకు కూడా.

మెకానిక్ మూడు తెచ్చి గోనె పట్టా మీద పెట్టాడు. ఒకటి స్టీలుది, ఒకటి పొట్టిగా మూతి కోసినట్టున్నది, ఒకటి నల్లటి కార్బన్‌ది.

"మామూలుది ఏమైందిరా? బాగానే ఉంది కదా" అని అడిగాను వాడికి ఎదురుగా నిలబడి.

"అది పనికిరాదు బావా. ఇంజను ఆన్‌లో ఉండాదో ఆఫ్ అయిపోయిందో తెలీడంల్యా. రైలు గేటు కాడ రెండు మూడు సార్లు ఆన్‌లో ఉండంగానే మళ్లా సెల్ఫ్ కొట్టినా. గరగరమని చెయ్యికి కొట్టింది. పక్కనోళ్లు నవ్విరి." వాడు కూడా నవ్వాడు. "ఈ కంపెనీవోళ్లు మరీ సన్నగా పెడ్తారప్పా శబ్దం."

మెకానిక్ స్పానర్ పట్టుకుని ఒక్క క్షణం వాడి ముఖంలోకి చూశాడు. వాడు ధర్మవరం నుంచి తెచ్చిన ఆ బండి అప్పటికి గ్యారేజీలో స్టార్ట్ చేసే ఉంది. ఆ గదిలో ఉన్నవాళ్లెవరికైనా దాని చప్పుడు తెలుస్తూనే ఉంది.

మొదట పొట్టిది తొడిగాడు. యాక్సిలేటర్ ఇవ్వగానే గాజు పగిలినట్టు పెళపెళమంది. ఎదురుగా టీ తాగుతున్నవాళ్లు కప్పులు పట్టుకుని ఇటు తిరిగారు. పక్క షాపులోని ముసలాయన చెవులు మూసుకున్నాడు. మా బామ్మర్ది తల అడ్డంగా ఊపాడు.

"దీంట్లో ఏముంది? ఉత్త గాలి."

"గాలా? అన్నా, ఇంతకంటే గట్టిది నా కాడ లేదు" అన్నాడు మెకానిక్.

స్టీలుది తొడిగాడు. అది కొంచెం మెత్తగా ఉంది. అదీ వద్దన్నాడు. కార్బన్‌ది తొడిగి స్టార్ట్ చేస్తే లోతుగా, కడుపులో నుంచి వచ్చినట్టు మోగింది. గోడకు వేలాడేసిన స్పానర్లు కదిలాయి. వాడు సీటు మీద అరచెయ్యి ఆనించాడు. తర్వాత ట్యాంకు మీద పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. మెకానిక్ యాక్సిలేటర్ ఇస్తుంటే వాడి చెయ్యి అలాగే ఉంది, ఆవు పొట్ట మీద చెయ్యి పెట్టి దూడ కదలికను చూసినట్టు.

"ఇది," అన్నాడు. "ఇదీ శబ్దమంటే. లోపల గొట్టం కూడా తీసెయ్యి."

"తీస్తే ఈ ఊరు దాటకముందే పోలీసోళ్లు పట్టుకుంటారన్నా. పట్టుకుని సైలెన్సర్లు రోడ్డు రోలరు కింద తొక్కిస్తాండారు."

వాడు మెకానిక్ పెదాలనే చూస్తున్నాడు. అప్పుడు గమనించాను. ఎవరు మాట్లాడినా వాడు కళ్లలోకి చూడటం లేదు, నోటినే చూస్తున్నాడు.

ఇంజను ఆపేశారు. మెకానిక్ బండి పక్కన కూర్చుని స్ప్రింగు తగిలిస్తున్నాడు. వాడు ఆ పక్కనే వంగి చూస్తున్నాడు. నేను నాలుగడుగులు వెనక్కి పోయి, మామూలు గొంతుతో, "ఒరే, ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, నీ కూతురికి బాగలేదంట" అన్నాను.

మెకానిక్ గబుక్కున తల ఎత్తాడు. బామ్మర్ది క్లాంపు కేసే చూస్తూ, వేలితో ఆ కార్బన్ అల్లికను నిమురుతున్నాడు. నేను ఇంకొంచెం గట్టిగా అన్నాను. వాడు కదలలేదు. నేనూ మెకానిక్కూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

ముందుకు పోయి వాడి భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చాను.

"నీకు వినబడటం లేదురా."

"ఏంది?"

"వెనక నుంచి పిలిస్తే నీకు వినబడటం లేదు. పాప పేరు చెప్పి అబద్ధం చెప్పినా, నువ్వు తిరగలేదు."

వాడి ముఖం ఎర్రబడింది. "నీకేమన్నా పిచ్చా బావా? వినపడకపోతే నీతో ఇప్పుడెట్ల మాట్లాడతాండా?"

"నా నోరు చూసి."

వాడు చటుక్కున చూపు పక్కకు తిప్పేశాడు. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "డాక్టరు దగ్గరికి పోదాం" అన్నాను. వాడు జవాబు చెప్పలేదు. వినబడక చెప్పలేదో, వినబడి చెప్పలేదో నాకు తెలియలేదు. లోపలికి పోయి, "బిగించప్పా తొందరగా" అన్నాడు మెకానిక్‌తో. లోపలి గొట్టం తీయించేశాడు కూడా.

వాడిని ఒక్కణ్ణి పంపబుద్ధి కాలేదు. ఆటో ఎక్కి ఇంటికి పోయి నా బండి తెచ్చుకున్నాను. పెనుకొండ దాకా వెంట వస్తానన్నాను. అక్కడ పని ఉందని చెప్పాను. వాడు అప్పటికి కోపం మరిచి హెల్మెట్ పెట్టుకుంటున్నాడు. "నువ్వు నన్ను అందుకోల్యావు బావా. పెనుకొండలో టీ అంగడి కాడ ఉంటా" అన్నాడు.

ఊరు దాటేదాకా మెల్లగానే పోయాడు. దాటాక వేగం అందుకున్నాడు. ఆ శబ్దం నా ఛాతీలో తగులుతోంది. దారిలో ఇళ్ల ముందు కూర్చున్న ఆడవాళ్లు కొంగులు చెవులకు అడ్డం పెట్టుకోవడం, కుక్కలు లేచి పరుగెత్తడం వెనక నుంచి నాకు కనబడుతోంది. వాడికి అవేమీ కనబడవు. వాడు ముందుకే చూస్తున్నాడు.

సోమందేపల్లి దాటినాక రోడ్డు పక్క బీడులో గొర్రెల మంద మేస్తోంది. ఒక అవ్వ కట్టె పట్టుకుని మందకూ రోడ్డుకూ మధ్య నిలబడి ఉంది. వాడు ఆ పక్కకు వచ్చి గేరు తగ్గించి యాక్సిలేటర్ పూర్తిగా ఇచ్చాడు. తుపాకీ పేలినట్టు రెండు సార్లు పేలింది. మంద ఒక్కసారిగా తల ఎత్తింది. తర్వాత అన్నీ ఒకే వైపుకు, రోడ్డు వైపుకు దూకాయి. అవ్వ "ఓయ్, ఓయ్, నిల్సప్పా!" అని అరుస్తూ అడ్డం పడింది. గొర్రెలు ఆమెను తోసుకుంటూ రోడ్డు మీదికి వచ్చాయి. ఎదురుగా వస్తున్న గూడ్స్ ఆటో వాటిని తప్పించబోయి పక్కకు తిరిగి, ఊగి, గుంతలోకి ఒరిగి పడిపోయింది.

ఇదంతా వాడి వెనక జరిగింది. నేను బ్రేకు వేసి హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. గొంతు చించుకుని అరిచాను. వాడి వీపు చిన్నదవుతూ పోయింది. వాడు కనబడకుండా పోయాక కూడా ఆ శబ్దం కొండవైపు నుంచి వినబడుతూనే ఉంది.

ఆటో చక్రం ఒకటి పైకి లేచి తిరుగుతోంది. డ్రైవరు తనంతట తనే బయటికి పాకాడు, నుదురు చీరుకుపోయింది. అవ్వ కూర్చుని కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఉంది. అది మోచేతి కింద ఉండాల్సినట్టు లేదు. రెండు గొర్రెలు లేవలేదు. పొలాల్లో నుంచి మనుషులు వచ్చారు. అవ్వనూ డ్రైవరునూ ఒక కారులో ఎక్కించి పెనుకొండ ఆస్పత్రికి పంపాం. మందను ఎవరో అదిలించుకుంటూ తోలుకుపోయారు. "ఆ బండి వాడెవడో తెలుసా నీకు?" అని ఒకాయన నన్ను అడిగాడు. "మా బామ్మర్ది" అన్నాను. ఆయన నన్ను పైకీ కిందికీ చూసి, "వాడు ఆగలేదే" అన్నాడు.

పెనుకొండలో టీ అంగడి ముందు వాడు బండికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఇద్దరు కాలేజీ పిల్లలు సైలెన్సర్‌ను ఫోన్లో ఫోటో తీసుకుంటున్నారు. నన్ను చూసి వాడి ముఖం వెలిగిపోయింది.

"ఏం బావా, ఇంత సేపా? నీ బండి మొరాయించిందా?"

నా చొక్కా మీది రక్తం అప్పుడు చూశాడు. నేను వాడి ఎదురుగా నిలబడి, ఒక్కొక్క మాటా మెల్లగా చెప్పాను. వాడు నా నోటినే చూస్తూ విన్నాడు. చెప్పడం అయిపోయినా చూస్తూనే ఉన్నాడు, ఇంకా ఏదో వస్తుందన్నట్టు.

"నా వెనకనా?" అన్నాడు. "నాకేం తెలీల్యా బావా. రోడ్డంతా నిమ్మళంగా ఉండె."

ఆస్పత్రిలో అవ్వ బల్ల మీద కూర్చుని ఉంది. తువ్వాలుతో చెయ్యి మెడకు కట్టారు. వాడు ఎదురుగా పోయి నిలబడ్డాడు. ఆమెకు ఎవరో చెప్పే ఉంటారు. తిట్టలేదు. వాడిని కాసేపు చూసి అడిగింది.

"అంత అరిస్తి కదా నాయనా. నా బిడ్డను పిల్చినట్టు పిలిస్తి. ఒకపారన్నా తిరగాల్నా వద్దా?"

వాడు ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "వినపళ్యా అవ్వా" అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు. వాడు అంత మెల్లగా మాట్లాడటం నేను ఎన్నో ఏళ్లకు విన్నాను. "నాకు శానా దినాల నుంచి వినపళ్యా."

అవ్వ బాగున్న చేత్తో వాడి తల మీద చెయ్యి వేసింది. నేను బయటికి వచ్చేశాను.

ఆ గొర్రెలకూ ఆటోకూ అవ్వ వైద్యానికీ ఇవ్వాల్సింది వాడు ఇచ్చాడు. అవ్వ చెయ్యి అతికింది, కానీ కట్టె పట్టు మునుపటిలా లేదని తర్వాత తెలిసింది.

ఆ మరుసటి వారం వాడిని హిందూపురంలో నాకు తెలిసిన చెవి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. వాడి భార్య కూడా పాపను ఎత్తుకుని వచ్చింది. ఒక చిన్న అద్దాల గదిలో వాడిని కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. శబ్దం వినబడిన ప్రతిసారీ వేలు ఎత్తమన్నారు. పరీక్ష చేసే అమ్మాయి బయట కూర్చుని మీటలు నొక్కుతోంది. మొదట్లో వాడు రెండు మూడు సార్లు వేలు ఎత్తాడు. తర్వాత ఎత్తలేదు. ఆమె ఒక చక్రం తిప్పుతూ మీట నొక్కుతూనే ఉంది. మళ్లీ తిప్పింది, మళ్లీ నొక్కింది. వాడు అద్దంలోంచి మమ్మల్ని చూస్తూ, వేలు మోకాలి మీద సిద్ధంగా పెట్టుకుని, బడిపిల్లాడిలా బుద్ధిగా కూర్చున్నాడు. నా వైపు తిరిగి కనుబొమ్మలు ఎగరేశాడు. ఎందుకు ఆపేశారని అడుగుతున్నాడు.

వాడి భార్య మొహం తిప్పుకుంది.

డాక్టరు దాపరికం లేకుండానే చెప్పాడు. సన్నటి శబ్దాలు రెండు చెవుల్లోనూ పోయాయి. లావు శబ్దాలు కొంత మిగిలాయి. పోయినవి తిరిగి రావు. చెవి మిషన్ పెట్టుకుంటే మాటలు కొంత తెలుస్తాయి. ఉన్నది నిలవాలంటే మగ్గాల దగ్గర చెవులు మూసుకోవాలి, లేదా మగ్గాలు మానెయ్యాలి.

"మానేసి ఏం జేయల్ల సార్?" అన్నాడు వాడు. అందులో కోపం లేదు. నిజంగానే అడిగాడు.

డాక్టరు వాడి భార్యను, "మగ్గాలు ఇంట్లోనేనా?" అని అడిగాడు. ఆమె తల ఊపింది. ఆయన ఆమె ఒళ్లో ఉన్న పాపను చూశాడు.

"పాపను ఎప్పుడు తీసుకొస్తారు పరీక్షకు?" అన్నాడు.

ఆ నల్ల సైలెన్సర్‌ను వాడు తీసేయించాడు. మెకానిక్ పాతది బిగించి ఇచ్చాడు. బండి ఇప్పుడు ఇంటి వెనక గుడ్డ కప్పుకుని ఉంది, ఎప్పుడో ఒకసారి పాలకు పోయేటప్పుడు తీస్తాడు. అద్దాలు పెద్దవి వేయించుకున్నాడు. మగ్గాల దగ్గర చెవుల్లో రబ్బరు బిరడాలు పెట్టుకుంటాడు, సాయంత్రం అవి తీసి మిషన్ పెట్టుకుంటాడు. ఫోన్లో గొంతు కొంచెం తగ్గింది. పాపకు చేసిన పరీక్షలో ఇప్పటికి ఏమీ లేదన్నారు. ఆరు నెలలకోసారి చూపించమన్నారు, మగ్గాల గదిలో మాత్రం ఉంచొద్దన్నారు. వంటింటితో కలిపి ఉన్నవి రెండే గదులు.

మొన్న ధర్మవరం పోయాను. మధ్యాహ్నం. నాలుగు మగ్గాలూ ఆడుతున్నాయి. వాడు చెవుల్లో బిరడాలతో పోగులు చూసుకుంటున్నాడు. నేను వెనక గదిలోకి పోయాను. మధ్యలో కొత్తగా ప్లైవుడ్ తలుపు పెట్టించారు, అయినా మాట వినబడాలంటే వంగి చెప్పాల్సిందే. చీర ఉయ్యాలలో పాప నిద్రపోతోంది. నోరు తెరుచుకుని, ఒక చెయ్యి కిందికి వేలాడేసుకుని, ఏ పిల్లా అంత హాయిగా నిద్రపోదు. వాళ్లమ్మ నాకు మజ్జిగ తెచ్చిచ్చింది.

కరెంటు పోయింది. మగ్గాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. వీధి మొత్తం ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో గ్లాసు కింద పెట్టిన చప్పుడు నాకే పెద్దగా వినబడింది.

ఉయ్యాలలో పాప ఉలిక్కిపడి లేచి, కెవ్వున ఏడుపు మొదలు పెట్టింది.

ఆమె పరుగున పోయి ఎత్తుకుని భుజాన వేసుకుని వీపు తట్టసాగింది. "ఏం లేదమ్మా, ఏం లేదు" అంటూ గదిలో అటూ ఇటూ తిరిగింది. పాప ఏడుపు ఆగలేదు.

"మగ్గాలు ఆగితే ఇట్లే అన్నా," అంది నాతో. "మళ్లా ఆడేదంకా పండుకోదు."